ప్రోస్టేట్ 58 గ్రాములు ఉంటే ఆపరేషన్ తప్పదా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాయనకు 66 ఏళ్లు, బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట, 12 ఏళ్లుగా షుగర్. ఏడాదిగా రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నారు, ధార సన్నబడింది, పోసి వచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపిస్తోంది. చిత్తూరులో స్కానింగ్ తీయిస్తే ప్రోస్టేట్ 58 గ్రాములు, గ్రేడ్ 2 అని, యూరిన్ పోశాక కూడా లోపల 130 ఎం.ఎల్. మిగిలిందని వచ్చింది. ప్రోస్టేట్ రక్త పరీక్ష పీఎస్‌ఏ 6.1. యూరిన్ పరీక్షలో చీము కణాలు 18 నుంచి 20. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు మాత్రలు చాలన్నారు. ఊళ్లో ఎవరో ఆపరేషన్ చేయించుకుంటే మగతనం పోతుందని చెప్పారట. అప్పటినుంచి ఆస్పత్రి మాటెత్తితే నాయన లేచి వెళ్లిపోతున్నారు. ఇది క్యాన్సరేమోనని మీకు టెన్షన్.

నేను తిరుపతిలో 22 ఏళ్లుగా యూరాలజిస్టుగా పనిచేస్తున్నాను. మనిషిని చూడకుండా ఆపరేషన్ కావాలనీ, వద్దనీ చెప్పను. కానీ ఆ నిర్ణయం దేన్ని బట్టి తీసుకోవాలో చెప్పగలను. మీరు పంపిన వివరాల్లో అందరూ 58 దగ్గరే ఆగిపోయారు. నా కన్ను మాత్రం 130 మీదికి పోయింది.

ప్రోస్టేట్ అనేది మూత్రపు సంచి కింద, నాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. వయసులో ఉన్నప్పుడు సుమారు 20 గ్రాములు ఉంటుంది. నడివయసు దాటాక మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. 60 ఏళ్లకు వచ్చేసరికి దాదాపు సగం మంది మగవాళ్లలో ఈ మార్పు ఉంటుంది, 80 దాటితే ఎక్కువ మందిలో ఉంటుంది. ఇది జబ్బు కన్నా జుట్టు నెరవడం లాంటిది. అయితే గ్రాములకూ బాధకూ లెక్క కుదరదు. 90 గ్రాముల ప్రోస్టేట్‌తో హాయిగా పోసుకునే వాళ్లను చూశాను. 30 గ్రాములకే యూరిన్ పూర్తిగా బిగుసుకుపోయి పైపు (క్యాథెటర్) వేయించుకున్న వాళ్లనూ చూశాను. గ్రంథి బయటి వైపుకు పెరిగిందా, లోపలికి పెరిగి నాళాన్ని నొక్కుతోందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. రిపోర్టులో గ్రేడ్ 2 అన్నది సైజు గురించి రాసే మాటే. క్యాన్సర్ గ్రేడుకు దీనికి ఏ సంబంధమూ లేదు. ఆ ఒక్క మాట చూసి ఏడుస్తూ వచ్చిన కొడుకులు ఉన్నారు, అందుకే విడిగా చెబుతున్నాను.

మా దగ్గరికి వచ్చే రైతులకు నేను బోరు మోటారు లెక్కన చెబుతాను. గేట్ వాల్వ్ మూడొంతులు మూసి మోటారు ఆడిస్తే నీళ్లు సన్నగా వస్తాయి. మోటారు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పని జరుగుతోందనే అనుకుంటాం. కానీ లోపల అది వేడెక్కుతోంది. ప్రోస్టేట్ ఆ వాల్వ్ అయితే, మూత్రపు సంచి మోటారు. మొదట్లో సంచి గోడ కండ కట్టి బలంగా తోస్తుంది. ఆ దశలో అర్జెంటుగా రావడం, మాటిమాటికీ వెళ్లడం కనిపిస్తాయి. తర్వాత అలిసిపోయి మొత్తం ఖాళీ చేయలేక కొంత మిగిల్చేస్తుంది. ఇంకా ఆలస్యమైతే సంచి సాగిపోయి సత్తువ పోతుంది. అప్పుడు వాల్వ్ మార్చినా, అంటే ఎంత బాగా ఆపరేషన్ చేసినా, తోసే శక్తి తిరిగి వస్తుందని నమ్మకం లేదు. నేను కాపాడాలనుకునేది ప్రోస్టేట్‌ను కాదు, ఆ సంచినీ దాని పైనున్న కిడ్నీలనూ.

అందుకే 130 ఎం.ఎల్. మాట అన్నాను. ఇది ఇవాళే కొంపలు మునిగే సంఖ్య కాదు. పైగా స్కానింగ్ సెంటర్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. లీటరు నీళ్లు తాగించి, సంచి పగిలిపోయేలా నిండాక పిలుస్తారు, తర్వాత కొత్త చోట, వరుసలో జనం ఉండగా, హడావిడిగా పోయమంటారు. అలా పోస్తే బాగున్న మనిషికి కూడా కొంత మిగులుతుంది. కాబట్టి ఆ పరీక్ష ఇంకోసారి చేయించాలి. మామూలుగా ఎప్పుడు వస్తుందో అప్పుడు, నిదానంగా పోసి, వెంటనే చూడాలి. దానితోపాటు యూరోఫ్లో అనే పరీక్ష ఉంటుంది. గరాటు లాంటి యంత్రంలో పోస్తే సెకనుకు ఎన్ని ఎం.ఎల్. వస్తోందో గ్రాఫ్ గీస్తుంది. కనీసం 150 ఎం.ఎల్. పోస్తేనే దాన్ని నమ్మవచ్చు. గరిష్ఠ వేగం 15 దాటితే ఫర్వాలేదు, 10 కన్నా తక్కువైతే అడ్డు ఉందని అనుమానించాలి. అనుమానమే, తీర్పు కాదు. ఎందుకంటే సంచికే బలం లేకపోయినా ధార అలాగే సన్నగా వస్తుంది.

మీ నాయన విషయంలో ఈ మాట చాలా ముఖ్యం. 12 ఏళ్ల షుగర్ సంచికి వెళ్లే నరాలను దెబ్బతీసి ఉండవచ్చు. అలాంటి వాళ్లకు నిండిన సంగతే సరిగ్గా తెలియదు, తోసే శక్తి కూడా తగ్గుతుంది. యూరోఫ్లో, మిగిలిన యూరిన్ రెండూ చూశాక కూడా స్పష్టంగా తేలకపోతే, సంచి లోపలి ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష చేస్తాం. అందరికీ అక్కర్లేదు. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు, ఆపరేషన్‌కు ముందు ఇది చేయించడం మంచిదని నా అభిప్రాయం. వాల్వ్ చెడిందో మోటారు చెడిందో తెలియకుండా వాల్వ్ కోసేయడం సరి కాదు.

ఇక రాత్రిళ్లు లేవడం. ఇది మొత్తం ప్రోస్టేట్ నెత్తిన వేయకండి. నాలుగైదుసార్లు లేచి ప్రతిసారీ కొంచెం కొంచెం పోస్తున్నారా, లేక ప్రతిసారీ నిండుగా పోస్తున్నారా? ఇది కనుక్కోవడానికి డబ్బు ఖర్చు లేదు. ప్లాస్టిక్ కొలత జగ్గు ఒకటి కొని, మూడు రోజులపాటు ఎప్పుడు పోశారు, ఎంత పోశారు అని నోటు పుస్తకంలో రాయండి. 24 గంటల్లో వచ్చినదాంట్లో మూడో వంతుకు మించి రాత్రిపూటే వస్తుంటే అది యూరిన్ తయారీలోనే ఉన్న తేడా, ప్రోస్టేట్ మాత్ర దాన్ని తగ్గించదు. సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయా చూడండి. పగలంతా కాళ్లలో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి ఎక్కి కిడ్నీల ద్వారా బయటికి వస్తుంది. గుండె బలహీనంగా ఉన్నా, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగుతున్నా ఇలాగే జరుగుతుంది. షుగర్ అదుపులో లేకపోయినా అంతే. ఆయన షుగర్ మాత్రల పేర్లు ఒకసారి చూడండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే అవి చక్కెరను యూరిన్ ద్వారానే బయటికి పంపుతాయి, కాబట్టి యూరిన్ ఎక్కువ వస్తుంది. మంచి మందులే, మీ అంతట మీరు ఆపకండి. కానీ యూరాలజిస్టుకు ఆ చీటీ చూపించకపోతే ఆయన ప్రోస్టేట్‌నే తప్పు పడతాడు.

నాయన నీళ్లు తాగడం మానేశారని రాశారు. మా ప్రాంతంలో ఇది పెద్ద సమస్య. తోటలో ఎండకు చెమట పోసి, పైగా నీళ్లు తగ్గిస్తే యూరిన్ చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది, ఇన్ఫెక్షన్‌కు, రాళ్లకు దారి తీస్తుంది. గుండె, కిడ్నీ డాక్టర్లు నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే పగలు రెండు, రెండున్నర లీటర్లు తాగనివ్వండి. ఎండలో పనిచేసే రోజు ఇంకొంచెం ఎక్కువ. సాయంత్రం ఏడు దాటాక తగ్గించాలి, ఆ వేళ కాఫీ, టీ, చెంబుడు మజ్జిగ వద్దు. పోసిన తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఒకసారి ప్రయత్నించమనండి. కూర్చుని పోస్తే కొందరికి బాగా ఖాళీ అవుతుంది.

పీఎస్‌ఏ సంగతికి వస్తాను, మీకు నిద్ర లేకుండా చేస్తున్నది అదే కాబట్టి. పీఎస్‌ఏ ప్రోస్టేట్ తయారుచేసే ప్రోటీన్, క్యాన్సర్ మాత్రమే తయారుచేసేది కాదు. సాధారణంగా 4 దాటితే ఎక్కువ అంటాం. గ్రంథి పెద్దదైతే పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ ఉంటే పెరుగుతుంది, యూరిన్ బిగిసినా, పైపు వేసినా పెరుగుతుంది, ముందు రెండు రోజుల్లో భార్యాభర్తలు కలిసినా కొంచెం పెరగవచ్చు. మీ నాయనకు రక్తం తీసిన రోజునే యూరిన్‌లో చీము కణాలు 18 నుంచి 20 ఉన్నాయి. ఆ రోజు తీసిన పీఎస్‌ఏ మీద ఏ నిర్ణయమూ నిలబడదు. ముందు యూరిన్ కల్చర్ చేయించి, ఏ క్రిమి ఉందో తేల్చి, దానికి తగిన యాంటీబయాటిక్ పూర్తి కోర్సు వాడించాలి. ఇన్ఫెక్షన్ తగ్గాక ఆరు వారాలు ఆగి పీఎస్‌ఏ మళ్లీ చేయించాలి. ఈలోపు వేలితో ప్రోస్టేట్ పరీక్ష తప్పకుండా జరగాలి. అర నిమిషం పని. సిగ్గుతో చాలామంది తప్పించుకుంటారు, డాక్టర్లలోనూ రద్దీ వల్ల వదిలేసేవాళ్లు ఉన్నారు. క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి వెనక భాగంలో మొదలవుతుంది, అది వేలికి తగిలే చోటు. గట్టిగా గడ్డలా తగిలితే పీఎస్‌ఏ ఎంతున్నా ముందుకు వెళ్లాలి. రెండోసారి కూడా పీఎస్‌ఏ ఎక్కువే ఉంటే ఎంఆర్ఐ, అవసరమైతే బయాప్సీ. ఒకవేళ క్యాన్సర్ అని తేలినా, తొలి దశలో ఉంటే నయమయ్యే జబ్బే. కొన్ని రకాలు ఎంత నెమ్మదిగా పెరుగుతాయంటే వాటిని గమనిస్తూ ఉంటే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మాత్రలు చాలన్న డాక్టరు రాసిన చీటీలో టామ్సులోసిన్, డ్యుటాస్టెరైడ్ కలిపిన క్యాప్సూల్ ఉందేమో చూడండి. టామ్సులోసిన్ సంచి మెడ దగ్గర కండను వదులు చేస్తుంది, కొన్ని రోజుల్లోనే ధార మెరుగవుతుంది. డ్యుటాస్టెరైడ్ గ్రంథిని కుదిస్తుంది, దానికి ఆరు నెలలు పడుతుంది. 58 గ్రాములకు అది పనికొచ్చే మందే. కానీ అది పీఎస్‌ఏను సుమారు సగానికి దించేస్తుంది. అసలు సంఖ్య తేలకముందే మొదలుపెడితే, ఏడాది తర్వాత 3 అని రిపోర్టు వస్తే అంతా సంబరపడతారు, నిజానికి అది 6 కింద లెక్క. అందుకే నేనైతే ప్రస్తుతానికి టామ్సులోసిన్ ఒక్కటే ఇచ్చి, రెండో పీఎస్‌ఏ చూశాకే రెండోది కలుపుతాను. టామ్సులోసిన్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. రాత్రి లేచేటప్పుడు మంచం మీద ఒక నిమిషం కూర్చుని లేవమనండి. కంటి శుక్లాల ఆపరేషన్ ఎప్పుడైనా చేయించుకుంటే ఈ మాత్ర వాడుతున్నట్టు, ఆపేసినా సరే వాడినట్టు, కంటి డాక్టరుకు తప్పక చెప్పాలి. కనుపాప మీద దీని ప్రభావం ఉంటుంది.

జలుబుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల గురించి ఎవరూ చెప్పరు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మాత్రలు ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు యూరిన్‌ను ఒక్క రాత్రిలో బిగించేయగలవు. వానాకాలంలో అర్ధరాత్రి పొట్ట పట్టుకుని వచ్చే పెద్దవాళ్లను మొదట అడిగేది ఇదే: "జలుబుకు ఏం మింగినావు పెద్దాయనా?" ఇంకో రకం వాళ్లు ఈ ఊరికే ప్రత్యేకం. ఎక్కడెక్కడి నుంచో రాత్రంతా బస్సులో కూర్చుని వస్తారు, యూరిన్ కోసం దిగాల్సి వస్తుందని నీళ్లు తాగరు, కొండమీద క్యూలో వరుస పోతుందని గంటల తరబడి ఆపుకుంటారు. కంపార్టుమెంట్లలో బాత్‌రూములు ఉన్నా లేవరు. దర్శనం అయ్యాక పోద్దామంటే చుక్క రాదు. సంచి అతిగా సాగితే ముడుచుకోలేదు. కొండమీద అశ్విని ఆసుపత్రి ఉంది, ఆ పరిస్థితి వస్తే తిరుపతి దాకా దిగేవరకు కూడా ఆగకూడదు. పైపు వేసి, టామ్సులోసిన్ ఇచ్చి, రెండు మూడు రోజుల తర్వాత తీసి చూస్తాం. చాలామందికి మళ్లీ ధార వస్తుంది. మీ నాయనను కొండకు తీసుకెళ్తే క్యూలోకి వెళ్లేముందు ఒకసారి, లోపల రెండు గంటలకోసారి వెళ్లి రమ్మనండి.

ఇప్పుడు ఆపరేషన్. అది తప్పనిసరి అయ్యే సందర్భాలు తేటగా ఉన్నాయి. పైపు తీశాక కూడా మళ్లీ మళ్లీ బిగుసుకుపోవడం, ఇన్ఫెక్షన్ మాటిమాటికీ రావడం, సంచిలో రాళ్లు కట్టడం, ప్రోస్టేట్ నుంచి పదేపదే రక్తం పోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా కిడ్నీలు వాచి క్రియాటినిన్ పెరగడం. వీటిలో ఏదైనా ఉంటే ఇంకా మాత్రలతో లాగడం తప్పు. ఏదీ లేకపోతే మాత్రలతో బాధ తగ్గిందా, మిగిలే యూరిన్ తగ్గిందా అన్నది చూసి, ఆయనతో మాట్లాడి నిర్ణయించాలి. మీరు రాసినదాన్ని బట్టి క్రియాటినిన్ బాగుంది, కిడ్నీల వాపు లేదు, ఇన్ఫెక్షన్ ఇది మొదటిసారి. కాబట్టి ఈ వారమే ఆపరేషన్ అన్న తొందర నాకు కనిపించట్లేదు. అలాగని మాత్రలు రాయించుకుని రెండేళ్లు కనిపించకుండా పోవడమూ కుదరదు.

మగతనం గురించి ఊళ్లో విన్నది సగం నిజం, ఆ సగాన్నీ ఎవరూ విడమరచి చెప్పరు. ఆపరేషన్‌కు బయట కోత ఉండదు. నడుముకు మత్తు ఇచ్చి, నాళంలోంచే పరికరం పంపి, అడ్డుగా ఉన్న భాగాన్ని చిన్న ముక్కలుగా తీస్తాం. దాన్నే టీయూఆర్‌పీ అంటారు. గ్రంథి బాగా పెద్దదైతే లేజర్‌తో తొలిచి తీసే హోలెప్ ఉంది. తీసిన ముక్కలను బయాప్సీకి పంపుతాం. రెండు మూడు రోజులు పైపు, తర్వాత ఇంటికి. అంగస్తంభన నరాలు గ్రంథి బయట ఉంటాయి, కాబట్టి ఎక్కువ మందిలో ఆ శక్తి ఎలా ఉందో అలాగే ఉంటుంది, కొద్దిమందిలో మాత్రం తగ్గవచ్చు. ఎక్కువ మందిలో మారేది వీర్యం. కలిసినప్పుడు అది బయటికి రాకుండా వెనక్కి సంచిలోకి వెళ్లి, తర్వాత యూరిన్‌తో పోతుంది. ఒంటికి ఏ హానీ లేదు. కానీ ముందే చెప్పకపోతే మనిషి తనకేదో అయిపోయిందని కుంగిపోతాడు. ఊళ్లో ఆయనకు జరిగింది ఇదే అయి ఉండవచ్చు. నేను ఈ మాట ఆపరేషన్‌కు ముందు, వీలైతే భార్య కూడా ఉండగా చెబుతాను. మీ నాయనకు మీరు చెప్పలేరు, కొడుకుతో ఆ మాటలు ఆయన మాట్లాడరు. డాక్టరు గదిలోకి తీసుకెళ్లి మీరు బయటికి వచ్చేయండి.

చేయించుకుంటే తర్వాత సంగతి కూడా తెలుసుకోండి. నెల, నెలన్నర బైకు వద్దు, బస్తాలు, మామిడి పెట్టెలు మోయడం వద్దు, ముక్కకూడదు, మలబద్ధకం రానివ్వకూడదు. పది పదిహేను రోజులప్పుడు ఒకసారి యూరిన్ ఎర్రగా రావచ్చు, నీళ్లు ఎక్కువ తాగితే తేటపడుతుంది. గడ్డలుగా వస్తే, ఆగిపోతే వెంటనే రావాలి. ధార వెంటనే బాగుపడుతుంది, అర్జెంటుగా రావడం తగ్గడానికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. గుండెకు రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

చిత్తూరు నుంచి మీకు తిరుపతి కన్నా వేలూరు దగ్గర, అక్కడి సీఎంసీ ఆస్పత్రిలో మంచి యూరాలజీ విభాగం ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రి ఉంది. ఎక్కడైనా సరే, పాత రిపోర్టులు, మాత్రల చీటీలు, ఆ నోటు పుస్తకం ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఖర్చు గురించి భయపడి ఆగకండి, ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఆ ఆస్పత్రిలో వర్తిస్తుందేమో కార్డు చూపించి ఆరోగ్యమిత్రను అడగండి. ఇంకో మాట. నొప్పి లేకుండా ఒక్కసారి యూరిన్‌లో రక్తం పోయి ఆగిపోయినా, ముఖ్యంగా బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే, ప్రోస్టేట్ అని సర్దుకోకూడదు. సంచిలో గడ్డ ఉందేమో చూడాల్సిందే.

చివరిగా ఒక మనిషి గురించి చెప్పాలి. పలమనేరు వైపు నుంచి వచ్చిన 70 ఏళ్ల పెద్దాయన. కాళ్ల వాపు, ఆకలి లేదు, వాంతులు అని ముందు వేరే డాక్టరు దగ్గరికి వెళితే రక్త పరీక్షలో క్రియాటినిన్ 6 దాటింది. మా దగ్గరికి పంపారు. పొట్ట కింది భాగం గుండ్రంగా ఉబ్బి ఉంది, నొక్కినా నొప్పి లేదు. "యూరిన్ బానే పోతాది సార్, ఎక్కువే పోతాది" అన్నాడు. పైపు వేస్తే దాదాపు రెండు లీటర్లు వచ్చింది. ఆయన పోస్తున్నది నిండిపోయిన తొట్టి అంచుల మీంచి పొర్లేదే. అప్పుడు ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి, ఎనిమిది నెలలుగా రాత్రిళ్లు పక్క తడుస్తోందని, కోడలికి తెలియకుండా తెల్లారకముందే దుప్పట్లు ఉతికి ఆరేస్తున్నానని చెప్పింది. ముసలితనమనుకుందట. ఆరు వారాలు పైపుతో ఉంచాం. క్రియాటినిన్ 2 దగ్గరికి వచ్చి ఆగింది, అంతకన్నా దిగలేదు. ఆపరేషన్ చేశాక ధార వచ్చింది, కిడ్నీల్లో పోయిన భాగం పోయినట్టే. నొప్పి లేకుండా సంచి నిండిపోయే ఈ రకం చాలా ప్రమాదకరం. నొప్పి ఉంటే మనిషి అర్ధరాత్రయినా ఆస్పత్రికి వస్తాడు, ఇది అలా రానివ్వదు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి ఇంకా తెలియదు.

అందుకే కల్చర్, రెండో స్కాన్, యూరోఫ్లో ఈ వారం పది రోజుల్లో చేయించి ఫలితాలు ఇక్కడే రాయండి, చూస్తాను. అంతకన్నా ముందు, ఇవాళ రాత్రే, మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని నాయన పక్క ఎప్పుడైనా తడుస్తోందా అని అడగండి. అవునంటే వారం ఆగకండి, రేపు పొద్దున్నే తీసుకెళ్లండి.